మోదుగు పువ్వు నుంచి ఖర్జూర పూత దాకా: ఏడాదిని చెట్టు చూసి లెక్కపెట్టినవాళ్లు

పోస్టు జర పొడుగుంటది. పనికి పోయేటప్పుడు బస్సులో సగం, వచ్చేటప్పుడు సగం చదువుకోండి.

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో పాతవాళ్లు అందరికీ చెప్పే మాట ఒకటుంది. ఇక్కడ రెండే కాలాలు, ఎండాకాలం ఒకటి, మండేకాలం ఒకటి అని. మనమూ నవ్వుతాం, మన తర్వాత వచ్చిన పిల్లలకు అదే చెప్తాం. కొన్నాళ్లకు నిజంగానే అట్ల బతకడం అలవాటైపోతది. ఏడాది అంటే వీసా ముద్ర నుంచి వీసా ముద్ర దాకా. పద్దెనిమిదేళ్లు ఇక్కడ చేసిన మనిషిని ఎన్నేళ్లయింది అన్నా అని అడగండి, తొమ్మిదిసార్లు ఇంటికి పోయివచ్చిన అంటాడు. నడుమ ఎన్ని ఉగాదులు పోయినయో లెక్క ఉండదు.

ఆ లెక్క గురించే ఈ పోస్టు. మన ఊళ్లో ఏడాదిని ఎవరు లెక్కపెట్టారు, ఈ ఎడారిలో ఎవరు లెక్కపెట్టారు, రెండు లెక్కలూ ఎక్కడ కలిశాయి అని మా రూములో చాలా రోజులుగా మాట్లాడుకుంటున్నాం. చదివింది, విన్నది, కండ్లతో చూసింది ఒకచోట పెడుతున్నాం.

ముందు మన దిక్కు. గోడకు క్యాలెండర్ రాకముందు ఊళ్లో పండుగ దగ్గరికొచ్చిందని చెప్పింది చెట్లే. ఫాల్గుణం వచ్చేసరికి మోదుగు చెట్టు ఆకులన్నీ రాల్చి, కొమ్మకొమ్మకు నిప్పంటుకున్నట్టు పూస్తది. ఆ పూలు గంపల్లో తెచ్చి, ఉడకబెట్టి, ఆ రంగే కాముని పున్నానికి చల్లుకున్నారు మన తాతలు. ఆదిలాబాద్ అడవుల్లో అదే రోజుల్లో ఇప్పపువ్వు రాలడం మొదలైతది, తెల్లవారకముందే లేచి ఏరుకుంటారు. పున్నం పోయిన పదిహేను రోజులకు అమావాస్య, తెల్లారి ఉగాది. అప్పటికి వేప పూత వచ్చి వాకిలంతా రాలుతుంటది. మామిడి పిందె కాయ అయ్యుంటది, కొత్త చింతపండు ఇంట్లోకి వచ్చుంటది. పచ్చట్లో వేసే సరుకంతా ఆ పదిహేను రోజుల్లో చెట్టు ఇచ్చేదే. కొత్త కుండలో పచ్చడి కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగి, భక్షాలు తినడం ఆ తర్వాతి మాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన నెలలు చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టినవి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే వస్తాయి. ఎండలు, వానలు, పూతలు నడిచేది సూర్యుణ్ణి బట్టి, దానికి 365 రోజులు. అంటే ప్రతి ఏడాది పదకొండు రోజులు తేడా. దాన్ని అట్లనే వదిలేస్తే ఉగాది మూడేళ్లలో నెల రోజులు వెనక్కి జరుగుతది. పదేళ్లు తిరిగేసరికి సంక్రాంతి కంటే ముందే వస్తది. అప్పుడు వేప పువ్వు ఎక్కడ తేవాలి?

అందుకే మన లెక్కల్లో అధిక మాసం పెట్టారు. సుమారు రెండేళ్ల ఎనిమిది నెలలకు ఒకసారి ఒక నెల ఎక్కువ వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది యాదికుందా? ఆ సంవత్సరం ఉగాది మార్చి 22న అయింది, తర్వాతి ఉగాది 2024 ఏప్రిల్ 9కి పోయింది. ఎన్నేళ్లయినా ఉగాది మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకానే తిరుగుతది, వేప పూత దాటి పోదు. పంచాంగం రాసే అయ్యగారి లెక్కకు, మన ఇంటి ముందర చెట్టుకు అంత దగ్గరి చుట్టరికం.

రైతు ఇంకా గట్టి లెక్క పెట్టుకున్నాడు. అదే కార్తెలు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ పేరు. అశ్విని నుంచి రేవతి దాకా 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. చంద్రుడితో పని లేదు కాబట్టి ఇవి జరగవు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయి, మృగశిరకు చేపలు తింటాం, ఆరుద్రకు విత్తనం. చదువు రాని మన అవ్వలకు కూడా ఇవన్నీ నోటికి వచ్చు.

ఇప్పుడు ఈ దిక్కు. హిజ్రీ నెలల పేర్లు జర చూడండి. రబీ అల్ అవ్వల్, రబీ అల్ ఆఖిర్ అని రెండు నెలలున్నాయి. అరబ్బీలో రబీ అంటే వసంతం. రమదాన్ అనే పేరు మండే ఎండ అనే మాటలోంచి వచ్చింది. అంటే ఈ పేర్లు పెట్టిన కాలంలో నెలలు రుతువులకు కట్టుబడి ఉండేవన్నమాట. పూర్వపు అరబ్బులు కూడా మనలాగే అప్పుడప్పుడు ఒక నెల కలిపేవారు. 632లో, ప్రవక్త చివరి హజ్ చేసిన సంవత్సరంలో, ఆ కలపడం ఆగిపోయింది. అప్పటినుంచి వాళ్ల ఏడాది పూర్తిగా చంద్రుడిదే. అందుకే రంజాన్ అన్ని కాలాలూ తిరిగి వస్తది. 2015లో జూన్ నడి ఎండలో రంజాన్ మొదలైంది. 2023కు మార్చిలోకి వచ్చింది. ఎండలో కడ్డీలు మోసుకుంటూ ఉపవాసం ఉన్న మన ముస్లిం తమ్ముళ్లకు ఈ తేడా ఏంటో ఒంటికి తెలుసు.

మరి ఖర్జూరం తోటవాడు, ముత్యాలకు సముద్రంలోకి పోయేవాడు, ఒంటెలు మేపేవాడు ఏం చేశారు? వాళ్లకు కాలం తప్పితే కడుపు మాడుతది. వాళ్లు నక్షత్రాన్ని పట్టుకున్నారు. సుహైల్ అనే చుక్క ఆగస్టు నెలాఖరు దిక్కు, ఎమిరేట్స్‌లో 24వ తేదీ ప్రాంతంలో, తెల్లవారుజామున దక్షిణాన కనిపిస్తది. అది కనబడితే మండేకాలం వెనక్కి తిరిగినట్టే. అక్కడినుంచి ఏడాదిని పదేసి రోజుల ముక్కలుగా లెక్కపెట్టుకుంటారు. ఒక్కో ముక్కను దర్ అంటారు, అన్నీ కలిపి దురూర్. మన కార్తెలకు ఇవి దగ్గరి చుట్టాలే. మనది పదమూడు పద్నాలుగు రోజులు, వాళ్లది పది. ఇంకొక సంగతి, ఆ సుహైల్ చుక్క మనకు కొత్తది కాదు. మన పంచాంగాల్లో అగస్త్యోదయం అని రాస్తారే, ఆ అగస్త్య నక్షత్రమే ఇది.

రెండు దిక్కుల లెక్కలు మన ఊరి మాటల్లోనే కలిసి ఉన్నాయి. యాసంగి పంటను కాగితాల్లో రబీ అని రాస్తారు కదా. ఆ రబీ ఇందాక చెప్పిన అరబ్బీ రబీయే. వసంతంలో కోతకొచ్చే పంట అని ఆ పేరు. ఖరీఫ్ అంటే అరబ్బీలో ఆకు రాలే కాలం, ఆ రోజుల్లో కోతకొచ్చేది ఖరీఫ్ పంట. ఒమన్‌లో సలాలా పోయినవాళ్లకు తెలుసు, అక్కడ జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా పడే తుంపర కాలాన్ని ఖరీఫ్ అనే పిలుస్తారు. మన ఊళ్లకు వాన తెచ్చే నైరుతి గాలే సలాలా కొండలనూ తడుపుతది.

ఫసల్ అంటే మన దగ్గర పంట, అరబ్బీలో రుతువు. శిస్తు వసూలు చేసే సర్కారుకు కూడా చాంద్రమానంతో తిప్పలొచ్చాయి. పంట చేతికి రాకముందే శిస్తు తేదీ వచ్చిపడేది. అందుకని మొగలుల కాలంలో పంటను బట్టి నడిచే ఫసలీ సంవత్సరం పెట్టారు. అది దక్కనుకు వచ్చి నిజాం రాజ్యమంతా నడిచింది. 1949లో వచ్చిన హైదరాబాద్ జాగీర్ల రద్దు చట్టం పేరులో కూడా 1358 ఫసలీ అనే ఉంది. తాత పాత భూమి కాగితాలు ఇంట్లో ఉంటే తీసి చూడండి, ఫసలీ లెక్క కనబడొచ్చు. ఎంత పెద్ద సర్కారైనా చివరికి రైతు లెక్కకే రావాల్సి వచ్చింది.

2025లో జరిగింది కూడా ఈ లెక్కల ఆటే. ఆ ఏడు విశ్వావసు ఉగాది మార్చి 30. అదే రోజు సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లో రంజాన్ పండుగ. ఒమన్‌లో మాత్రం తెల్లారి. గల్ఫ్‌లో ఉగాదికి సెలవు ఎవరిస్తారు? ఆ ఏడు మనకు పిలిచి ఇచ్చినట్టయింది. మా రూములో వేప పువ్వు, బెల్లం, చింతపండు కలిపి పచ్చడి చేసుకున్నాం. పక్క రూము బంగ్లాదేశ్ అన్న సేమియా గిన్నె పట్టుకొచ్చాడు, మా గ్లాసు ఆయన తాగి మొహం చిట్లించి నవ్వాడు. 2024లోనూ ఉగాది ఏప్రిల్ 9, పండుగ 10. దీంట్లో వింత లేదు. రెండు పండుగలూ అమావాస్య దాటిన కొత్త నెలకే మొదలవుతాయి. రంజాన్ వెనక్కి జరుగుతూ జరుగుతూ మన వేప పూత దగ్గరికి వచ్చి, మళ్లీ చలికాలం దిక్కు పోయింది. ఇట్ల కలవడం మళ్లీ ముప్పై రెండు ముప్పై మూడేళ్లకే. 1990ల మొదట్లో వచ్చినవాళ్లు ఒకసారి చూశారు, 2025లో మనం చూశాం. ఈసారి చూసేది మన పిల్లలు. వాళ్లు ఇక్కడ క్యాంపుల్లో ఉండి కాకుండా ఇంటి దగ్గరే ఉండి ఫోన్లో చూడాలని మా కోరిక.

ఇక చెట్ల సంగతికొస్తే, మనం అనుకున్నంత పరాయి నేల కాదిది.

వేప ఈ గడ్డ చెట్టు కాదు, మన దిక్కు నుంచి వచ్చిందే. నీళ్లు తక్కువైనా తట్టుకుంటది, నీడ చిక్కగా ఇస్తది, అందుకే రోడ్ల పక్కన, కాలనీల్లో నాటారు. మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో హాజీలకు నీడ కోసం దాదాపు 50 వేల వేప చెట్లు పెంచారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు నిలబడే నీడ అది. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడి వేప కూడా పూస్తది. ఒక మాట, మున్సిపాలిటీ చెట్ల కొమ్మలు విరవకండి, జరిమానా పడొచ్చు. పొద్దున్నే చెట్టు కింద గుడ్డ పరిస్తే రాలిన పువ్వే గుప్పెడు దొరుకుతది, పచ్చడికి చాలు.

రెండోది జమ్మి. ఎమిరేట్స్‌లో గాఫ్ చెట్టు అంటారు చూడండి, 2008లో దాన్ని జాతీయ వృక్షం చేశారు. 2019ని సహన సంవత్సరం అన్నప్పుడు ఆ గుర్తులో కూడా ఈ చెట్టునే పెట్టారు. అది మన జమ్మే. దసరా నాడు ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతామే, అదే చెట్టు. 2014లో తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ దాన్నే. ఒకే చెట్టు, ఒక దిక్కు రాష్ట్ర వృక్షం, ఇంకో దిక్కు జాతీయ వృక్షం. మనం దసరాకే జమ్మిని తలుచుకుంటాం కానీ దాని పూత ఎండాకాలం ముందర వస్తది. సన్నగా, పసుపు రంగులో, వేలెడు పొడుగు కంకుల్లా పూస్తది. తేనెటీగలు ముసురుతాయి. దూరం నుంచి చూస్తే పూత ఉందని కూడా తెలియదు. వేళ్లు చాలా లోతుకు పోయి నీళ్లు తాగుతాయి కాబట్టి ఇసుకలో ఒంటరిగా నిలబడగలదు. బహ్రెయిన్ ఎడారిలో నాలుగు వందల ఏళ్లుగా ఉందని చెప్పే జీవవృక్షం కూడా జమ్మి జాతిదే. పక్కనే సర్కారు తుమ్మ కూడా విరగబడి పెరుగుతుంటది, దాన్ని చూసి జమ్మి అనుకోకండి.

మూడోది మన దగ్గర లేనిది, అర్ఫజ్. కువైట్ వాళ్ల జాతీయ పుష్పం. చలికాలంలో నాలుగు చినుకులు పడితే, వసంతంలో ఎడారి పొదలకు చిన్న చిన్న పసుపు పూలు వస్తాయి. వాన లేని ఏడు ఆ పసుపు పెద్దగా కనబడదు. ఆ రోజుల్లో కువైట్ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని గడుపుతాయి. అక్కడ ఇండ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు ఈ పూలు చూసేది ఆ గుడారాల దగ్గర వంట చేస్తూనే. నెలల తరబడి గడప దాటని చెల్లెలికి ఆ పువ్వే ఆ ఏటి వసంతం.

నాలుగోది ఖర్జూరం. చరిత్ర అసలు ఇక్కడుంది. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాత సరిగా రాదు. ఫిబ్రవరి, మార్చిలో మగ చెట్టు గెల విచ్చుకున్నప్పుడు దాని పూత కోసి, మనిషి ఎక్కి, ఆడ చెట్టు గెలల మధ్య పెట్టి కట్టాలి. సుమారు యాభై ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు. ఒమన్, ఎమిరేట్స్ దిక్కు ఈ పనిని తన్బీత్ అంటారు. అల్ ఐన్ ఒయాసిస్సులో లక్షకు పైగా ఖర్జూర చెట్లున్నాయి. మజ్రాల్లో పనిచేసే మనవాళ్లు ఈ రోజుల్లో చెట్ల మీదే ఉంటారు. నడుముకు తాడు చుట్టి, చెట్టుకు ఒరిగి, కాలు మార్చుకుంటూ ఎక్కుతారు. మన గౌడన్నలకు ఇది కొత్త పనా? మోకు వేసి తాడెక్కినవాడికి పేరే కొత్త. మన ఈత చెట్టు ఖర్జూరానికి సొంత చెల్లెలు, రెండూ ఒకే జాతివి. తాటిలో కూడా పోతుతాడు వేరు, కాయ కాసే తాడు వేరు అని మనకు చిన్నప్పటినుంచే తెలుసు. మాతో ఉండే జగిత్యాల దిక్కు అన్న ఒకాయన మజ్రాలో మొదటి రోజే చెట్టెక్కితే, అర్బాబ్ నీకు ఎవరు నేర్పారు అని అడిగాడట. మా నాయన అన్నాడట ఈయన.

ఈ పని ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇరాక్ ప్రాంతాన్ని ఏలిన హమ్మురాబి అనే రాజు సుమారు 3,750 ఏళ్ల కింద నల్లరాతి మీద చట్టాలు చెక్కించాడు. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాంట్లో 64వ చట్టం ఈ పూత పని గురించే. యజమాని తన ఖర్జూర తోటను పూత కట్టడానికి తోటమాలికి అప్పజెప్తే, పంటలో రెండు వంతులు యజమానికి, మూడో వంతు తోటమాలికి. 65వ చట్టం ఇంకో మాట చెప్తది. తోటమాలి పని సరిగా చేయక కాత తగ్గితే, పక్క తోటల్లో ఎంత పండిందో చూసి ఆ లెక్కన యజమానికి కట్టాలి.

ఈ రెండు చట్టాలు మేం రూములో చాలాసార్లు చదువుకున్నాం. ఈ రోజుల్లో మనకు వంతు ఎవరూ ఇవ్వరు, నెల జీతమే. అది కూడా టైముకు పడితే సంతోషం. కానీ ఇది చూడండి. దాదాపు నాలుగు వేల ఏళ్ల కింద, రాజు కూర్చుని చట్టం రాయించేటప్పుడు, వసంతంలో చెట్టెక్కి పూత కట్టేవాడి చెయ్యి లేకపోతే పంట లేదని ఆయనకు తెలుసు. వాడి వంతు ఎంతో రాతి మీద చెక్కించాడు. జూన్ వచ్చాక రుతబ్ పండు డబ్బాల్లో మెరుస్తుంటే, దాని వెనక ఫిబ్రవరిలో చెట్టెక్కిన మనిషి ఉన్నాడని కొనేవాడికి తట్టదు. మనకు తట్టాలి. మనమే కదా ఎక్కింది.

మన వలస చరిత్రలో కూడా పండుగ లెక్క మారుతూ వచ్చింది. 1973లో చమురు ధర పెరిగి ఇక్కడ కట్టడాలు మొదలయ్యాక కరీంనగర్, నిజామాబాద్ నుంచి మనవాళ్లు రావడం పెరిగింది. ఆ తరం వాళ్లకు ఉగాది ఎప్పుడో ఇంటి నుంచి ఉత్తరం వస్తేనే తెలిసేది. ఉత్తరం కొన్నిసార్లు పండుగ దాటాక వచ్చేది. తర్వాత టేపు క్యాసెట్లు, మాటలు నింపి ఊరికి పోయేవాళ్లతో పంపుకున్నారు. ఇప్పుడు ఫోనులో పొద్దున్నే యాభై శుభాకాంక్షలు వచ్చి పడతాయి. తేదీ తెలవని బాధ తీరింది. కానీ ఫోను తేదీ చెప్తది, పూత చెప్పదు. శుభాకాంక్షల బొమ్మలో వేప కొమ్మ చూసి పక్కకు జరిపి, గేటు బయట పూసిన వేపను చూడకుండా బస్సెక్కేస్తున్నాం.

చూస్తే ఏమొస్తది అని అడిగేవాళ్లున్నారు. జీతం పెరగదు, సెలవు రాదు. ఒకటి మాత్రం ఉంది. వీసా ముద్రలతో లెక్కపెట్టుకునే ఏడాది కంపెనీది. పూతతో లెక్కపెట్టుకునే ఏడాది మనది. ఇంట్లో బిడ్డ ఫోను చేసి నాన్నా వేప పూసింది అంటే, ఇక్కడ కూడా పూసింది బిడ్డా, నేను చూసిన అని చెప్పగలిగితే, ఆ ఏడు ఇద్దరం కలిసి బతికినట్టే.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపే నిబంధన ఎమిరేట్స్‌లో జూన్ 15న మొదలై సెప్టెంబరు 15 దాకా ఉంటది. దానికి ముందు ఈ రెండు నెలలే బయట నిలబడి చెట్టును చూడగలిగిన రోజులు. ఏసీ ఆఫీసుల్లో ఉండేవాళ్లకంటే మనమే ముందు చూస్తాం. మోదుగు పూసిందని ఊరికి మొదట చెప్పింది కూడా పశువులు కాసేవాళ్లే.

మీరు ఏ దేశంలో ఉన్నారో, పని దగ్గర, క్యాంపు దగ్గర ఏ చెట్టు పూసిందో కింద రాయండి. పేరు తెలియకపోతే ఫోటో పెట్టండి, తెలిసినవాళ్లు చెప్తారు. కువైట్ చెల్లెళ్లు అర్ఫజ్ చూసుంటే తప్పకుండా రాయండి. మజ్రా అన్నలు ఈ ఏడు ఎన్ని చెట్లెక్కారో లెక్క రాయండి. ఆ లెక్క రాసిపెట్టేవాళ్లు మనకు మనమే.